రెండు బెంచీల మధ్య కాగితం

టీచరమ్మగారు పోయారన్న మాట నాకు యాదగిరి చెప్పాడు. పొద్దున్నే మా గేటు దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, కొట్టు తాళాలు చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, "టీచరమ్మ పోయింది సార్. నిద్రలనే పోయిందట. వాళ్ల చెల్లె చెప్పింది" అన్నాడు. తాళాలు జేబులో వేసుకుని, "ఇయ్యాల దుకాణం తెరుస్త లేను" అని వెళ్లిపోయాడు. మా ఇళ్లు కల్వర్టుకు ఇవతల, ఆయన కిరాణా కొట్టు అవతల. పండగలకు కూడా మూయని కొట్టు అది. కిందటి ఏడు తల్లి పోయినప్పుడు మూశాడు, మళ్లీ ఆ రోజు మూశాడు. ఆ రెండు చావులకూ మధ్య ఏముందో చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మీకు ఆమె తెలియదు. సీతాఫల్‌మండి వైపు ఒక మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. భర్త రైల్వే ఉద్యోగంతో భీమవరం వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి, ఆయన పోయాక చెల్లెలితో మా పక్కింట్లో ఉండేవారు. ఎండాకాలం, వానాకాలం అని లేకుండా చేతిలో గొడుగు. రిటైరయి ఎంతకాలమైనా హ్యాండ్‌బ్యాగులో ఒక సుద్దముక్క. చిల్లర వెతుక్కునేటప్పుడు వేళ్లకు తెల్లగా అంటుకునేది, దులుపుకునేవారు, ముక్కను మాత్రం పారేసేవారు కాదు. ఆదివారం ఆరాధన ముగించుకుని వస్తూ కల్వర్టు మీద ఆగి, వంగి, కింద మురుగు నాలాలోకి చూసి, అప్పుడు ఇంటికి వచ్చేవారు. మా వీధిలో దేవుడి తర్వాత మీరు పలకరించేది ఈ నాలా ఒక్కదాన్నే అని నేను ఎగతాళి చేస్తే, "దేవుడు పలుకుతాడు బాబూ, ఇదే పలకదు" అనేవారు.

మా వీధి సంగతి కాస్త చెప్పాలి. మౌలాలి గుట్ట కనబడుతుంది గానీ అక్కడికి దూరమే. వీధికి ఒక చివర రైల్వే వాళ్ల ఎత్తు గోడ, రెండో చివర నాలా మీద కల్వర్టు. బయటి లోకంలోకి వెళ్లాలంటే ఆ కల్వర్టు దాటాల్సిందే, వేరే దారి లేదు. ఆ నాలా మా దగ్గరికి వచ్చేదాకా ఒక ఆఫీసు హద్దులో ఉంటుంది. కల్వర్టు దాటాక ఎడమ గట్టు ఒక ఆఫీసుది, కుడి గట్టు ఇంకో ఆఫీసుది. మూడింటికీ వేరువేరు జెండాలు, వేరువేరు జీపులు, వేరువేరు బాసులు. ఆఫీసుల పేర్లు రాయను, రాసి ఎవరినో ఉద్ధరించేదీ లేదు. టీచరమ్మగారు కూడా పేర్లతో పిలిచేవారు కాదు. నాలా వచ్చే వైపు పైవాళ్లు, కొట్టు వైపు గట్టు అవతలివాళ్లు, మా ఇళ్ల వైపు గట్టు మనవాళ్లు. అంతే. పోతే కల్వర్టు. అది ముగ్గురి హద్దుకూ సరిగ్గా మధ్యన పడింది కనుక ముగ్గురిదీ కాదు.

వానాకాలం వచ్చిందంటే కల్వర్టు నోరు పూడి, నీళ్లు వీధిలోకి ఎగదన్నేవి. మోకాళ్ల దాకా. మాకు అది అలవాటైపోయింది. పప్పు డబ్బాలు పై అరలోకి, చెప్పులు కిటికీ మీదికి. ఏటా పూడిక తీసేవాళ్లు వచ్చేవాళ్లు కూడా. ఒక ఆఫీసు వాళ్లు తమ ముక్క తవ్వి, మట్టి తెచ్చి హద్దుకు ఆ పక్కన కుప్ప పోసి పోయేవాళ్లు. కొన్నాళ్లకు రెండో ఆఫీసు వాళ్లు వచ్చి దాన్ని ఇటు నెట్టిపోయేవాళ్లు. ఈలోగా వాన వచ్చి ఆ మట్టినంతా మళ్లీ నాలాలోకే దించేది. ఇందులో ఎవరి పనికీ వంక పెట్టలేం. ఎవరి హద్దులో వాళ్లు శుభ్రంగానే చేశారు.

టీచరమ్మగారు దీన్ని చూసే తీరు వేరు. ఆమెకు లోకమంతా ఒక తరగతి గది. "రెండు బెంచీల మధ్య పడ్డ కాగితం ఎవరూ తీయరు బాబూ" అనేవారు. నాది కాదంటే నాది కాదంటారట పిల్లలు. అందుకని తన క్లాసులో ఒక పద్ధతి పెట్టారు. సాయంత్రం బడి విడిచేముందు ఈ బెంచీ వాళ్లు ఆ బెంచీ కింద ఊడవాలి, ఆ బెంచీ వాళ్లు ఈ బెంచీ కింద. ఎదుటివాడి చోటు ఊడుస్తుంటే మధ్యలోది తప్పించుకోలేరు, చీపురు దాని మీదుగానే పోవాలి. ఉద్యోగం చేసినంతకాలం ఆమె గది అలాగే ఊడిచారు. ఆ పద్ధతి నాలాకు ఎందుకు పనికిరాదో ఆమెకు చివరిదాకా అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు.

రిటైరయ్యాక ఆమె ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. గొడుగు వేసుకుని బయల్దేరేవారు, ఎండకు వడలిపోయి వచ్చేవారు. ఒకసారి నేనూ తోడు వెళ్లాను. పైవాళ్ల ఆఫీసులో ఒక సూపర్‌వైజరు మర్యాదగానే కుర్చీ వేయించి, "మాది కల్వర్టు దాకనే అమ్మా" అన్నాడు. మరి కల్వర్టు ఎవరిదని ఈమె అడిగారు. "అది అవతలోళ్లను అడగాలె" అన్నాడు. అవతలివాళ్లు మనవాళ్లను అడగమన్నారు. మనవాళ్లు పైవాళ్లను. ఇంటికొస్తూ నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే ఆమె నవ్వి, ఈ రోజు ముగ్గురూ హాజరే, ముగ్గురిదీ ఒకటే జవాబు, కాపీ కొట్టారు అన్నారు. ఆ నవ్వు నాకు ఇంకా చెవిలో ఉంది. అప్పట్లో ఆమెకు అలా నవ్వే ఓపిక ఉండేది.

ఆ తిరుగుడులోనే పైవాళ్లకు కొత్తగా వచ్చిన ఇంజనీరు తన దగ్గర చదువుకున్నవాడని తెలిసింది. ఆమె చేసిన విన్నపాలన్నీ ఒకెత్తు, ఆ రోజు ఆమె అతని గదిలోకి వెళ్లి, "నువ్వు రావాలి, నీ పక్కవాళ్లిద్దరినీ వెంటబెట్టుకు రావాలి" అని బెత్తం పట్టుకున్న గొంతుతో చెప్పడం ఒకెత్తు. ఎండాకాలం సెలవుల్లో ఒక ఉదయం మూడు జీపులూ మా వీధిలోకి వచ్చాయి. ముందు ఎన్నడూ చూడని విడ్డూరం. కల్వర్టు మీద ముగ్గురు ఇంజనీర్లు, వెనకాల వాళ్ల మనుషులు, మధ్యలో గొడుగుతో టీచరమ్మగారు. క్రిస్మస్‌కు మాత్రమే చేసే పిండివంట, గులాబీ పువ్వులు, ఆ రోజు చేయించారు. టీ తాగుతూ, గులాబీ పువ్వులు కొరుకుతూ ముగ్గురూ కబుర్లలో పడ్డారు. చూస్తే ఇద్దరు ఒకే కాలేజీ. ఇన్నేళ్లూ ఒకరి మీద ఒకరు ఉత్తరాలు రాసుకున్నారు గానీ మొహాలు చూసుకోలేదు.

వానలకు ముందే ముగ్గురూ ఒకే వారంలో పూడిక తీయాలని మాటైంది. అప్పుడు టీచరమ్మగారు తన బెంచీల పద్ధతి చెప్పారు. మీరు వాళ్ల ముక్క తీయండి, వాళ్లు మీ ముక్క తీస్తారు, మధ్యలోది దానంతటదే వస్తుంది అన్నారు. ముగ్గురూ నవ్వేశారు. శిష్యుడు మాత్రం నవ్వాపుకుని, "వాళ్ల లిమిట్స్‌ల మేం మట్టి తీస్తే ఆడిట్ల దొరుకుతం మేడమ్. స్కూల్ల నడుస్తది గనీ ఆఫీసుల నడవది" అన్నాడు. పోనీ కల్వర్టు కింద ఎవరు తీస్తారని ఆమె అడిగారు. అందరం అక్కడిదాకా వస్తాం కదా మేడమ్, అదెంత పని, అయిపోతుందన్నారు. ఎవరన్నారో నాకు గుర్తులేదు. ముగ్గురూ తలలూపారు. ఆమె కూడా ఊపారు.

వాళ్లు మాట తప్పలేదు. అదే నా గుండెల్లో ముల్లు. మాట తప్పి ఉంటే బాగుండేది. చెప్పిన వారంలోనే మూడు వైపులా పొక్లెయిన్లు దిగాయి. పైవాళ్లు నాలాను వెడల్పు చేసి, ముళ్లపొదలు పెరికి, అడుగు కనబడేలా తవ్వారు. కింది రెండు గట్లూ అద్దంలా చేశారు. మట్టి ఎవరి మీదా పోయకుండా లారీల్లో ఎత్తుకెళ్లారు. వీధి వీధంతా గట్టు మీద నిలబడి చూసింది. యాదగిరి ఒక శాలువా తెచ్చి టీచరమ్మగారికి కప్పాడు. ఆమె సిగ్గుపడిపోయి, "ఒక్క వారంలో ముగ్గురూ పాసయ్యారు" అన్నారు. ఆ సాయంత్రం ఆమె మొహంలో ఉన్న సంతోషం నేను మళ్లీ చూడలేదు.

పూడిక ఎవరి హద్దు దాకా వాళ్లు తీశారు. పైవాళ్ల మిషను కల్వర్టు ముందు ఆగింది. కింద వాళ్ల మిషన్లు కల్వర్టు తర్వాత మొదలయ్యాయి. దాని కింద, ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి, పరుపులు, ప్లాస్టిక్కు, ఎవరో పారేసిన ఇనప మంచం, అన్నీ అలాగే ఉన్నాయి. పైనుంచి చూస్తే కనబడదు. వంగి చూసే అలవాటు ఉన్న ఆమెకు కూడా ఆ వారం కనబడలేదు, తవ్విన మట్టికి నీళ్లు తేరుకోక బురదగా ఉండటం వల్ల.

ఆ ఏడు తొలకరి గట్టిగా పడింది. అంతకుముందు పైన పొదలూ పూడికా అడ్డుపడి, నీళ్లు అక్కడి ఖాళీ జాగాల్లో పరుచుకుని నిదానంగా దిగేవి. ఇప్పుడు అడ్డం లేదు. నున్నటి నాలాలో ఒక్కపెట్టున వచ్చి కల్వర్టుకు గుద్దుకున్నాయి. దారి దొరక్క రెండు పక్కలా ఇళ్ల మీద పడ్డాయి. మోకాళ్లు కాదు, కిటికీలు మునిగాయి. కల్వర్టు పలక మధ్యలో కుంగింది. యాదగిరి కొట్టులో బియ్యం, పంచదార సర్వం బురదైంది. కొట్టు వెనక గదిలో వాళ్లమ్మ పక్షవాతంతో మంచంలో ఉండేది. మంచాన్ని భుజాల మీద ఎత్తుకుని నీళ్లలోంచి బయటకు తెచ్చేసరికి ఆమె పూర్తిగా తడిసిపోయింది. ఆ చలి ఛాతీలోకి దిగి, నెల తిరక్కుండానే పోయింది.

వాన వెలిసిన మర్నాడు టీచరమ్మగారు చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, బురదలో నడిచి యాదగిరి దగ్గరికి వెళ్లారు. నేను వెనకాలే ఉన్నాను. ఆయన తడిసిన గోనెలు బయటకు ఈడుస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వు ఊకుంటే అయిపోతుండె గద టీచరమ్మా. ఎప్పటి లెక్క మోకాళ్ల మట్టుకే వస్తుండె. నువ్వు ముగ్గురిని ఒక్కతాన తెచ్చినవ్, నీళ్లు సుత ఒక్కపారే వచ్చినయ్."

కోపంగా కూడా అనలేదు. అలసిపోయి అన్నాడు. ఆమె వంగి ఒక గోనెకు రెండో కొస పట్టుకున్నారు. అది ఆమె ఎత్తగలిగిన బరువు కాదు. ఇద్దరూ కలిసి దాన్ని గడప దాకా ఈడ్చారు.

ఆ తర్వాత మూడు ఆఫీసుల వాళ్లూ వచ్చారు, వేరువేరు రోజుల్లో. ఎవరి నాలా ముక్కను వాళ్లు ఫోటో తీసుకున్నారు. శుభ్రంగా ఉంది కదా మా వైపు, చూడండి అన్నారు. మూడు ఫోటోలూ నిజమే. కుంగిన పలకను ఎవరూ ఫోటో తీయలేదు. శిష్యుడు ఒక్కడే టీచరమ్మగారి ఇంటికి వచ్చి, తల వంచుకుని కూర్చుని, జాయింటుగా మళ్లీ ఒక మీటింగ్ పెట్టుకుందాం మేడమ్ అన్నాడు. ఆమె అతనికి మంచినీళ్లిచ్చి పంపారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఊరటగా ఉండేది.

యాదగిరి తల్లి పోయిన రోజు నుంచి ఆమె మారిపోయారు. ఆదివారం ఆరాధన నుంచి తిరిగి వస్తూ కల్వర్టు మీద ఆగడం మానేశారు. కుంగిన పలక పక్కనుంచి, కాలువలోకి చూడకుండా, గొడుగు ఆ వైపుకు అడ్డం పట్టుకుని దాటేవారు. యాదగిరి ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. వాళ్లమ్మ ఎలాగూ పోయే మనిషేనని నాతో చాలాసార్లు అన్నాడు, ఆమెకు చెప్పమనే అలా అన్నాడేమో. నేను చెప్పాను. ఆమె విని, "ముసలామె మంచం మీద పొడిగా ఉండేది బాబూ. నేను తడిపాను" అన్నారు. ఎంత వాదించినా అదే మాట. తప్పు ముగ్గురిదమ్మా అంటే, ముగ్గురూ వాళ్లకు చెప్పిన పని చేశారు, చెప్పింది నేనే కదా అనేవారు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషితో వాదించి గెలవడం నా వల్ల అవుతుందా.

పలక కుంగాక మా వీధిలోకి ఆటో కూడా రావడం మానేసింది. గ్యాసు బండవాళ్లు సిలిండరు అవతలే దించి పోతారు, దొర్లించుకుని తెచ్చుకోవాలి. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి అవతలిదాకా మోయాలి. ఏడాది కావస్తున్నా అంతే. ఈ మధ్య పట్నం చుట్టూ ఉన్న మున్సిపాలిటీలన్నీ కలిపి ఒకే పెద్ద ఆఫీసు చేస్తారని పేపర్లో పడింది. నాకు ఆశ పుట్టి, పేపరు పట్టుకుని ఆమె దగ్గరికి పరిగెత్తాను. కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివి మడిచి ఇచ్చేశారు. "బెంచీలు దగ్గరికి జరిపితే కాగితం కనబడదు బాబూ. అంతే" అన్నారు. ఆమె నాతో చెప్పిన చివరి మాటల్లో అదొకటి. అంత నిరాశ ఆ గొంతులో వినాల్సి వస్తుందని నేను అనుకోలేదు. ఆమెను అలా చేసింది ఎవరో చెప్పమంటే నేను ఎవరి వైపూ వేలు చూపించలేను. ఆ సంగతే నన్ను దహిస్తోంది.

మళ్లీ వానాకాలం దగ్గర పడుతుండగా ఆమె పోయారు. ఇంట్లో ప్రార్థన అయ్యాక, తిరుమలగిరి వైపున్న సమాధుల తోటకు తీసుకెళ్లాలి. వాహనం కల్వర్టు దాటి రాలేదు కనుక అవతలే ఆగింది. పెట్టెను ఇంటి దగ్గర నుంచి చేతుల మీద మోసుకెళ్లాలి. తలవైపు యాదగిరి పట్టుకున్నాడు. నేనూ ఒక పక్క పట్టాను. పెట్టె మీద నిండా లిల్లీ పూలు, చామంతులు. పాస్టరుగారు ముందు పాట ఎత్తుకున్నారు, సంఘం వాళ్లు వెనక అందుకున్నారు. ముగ్గురు ఇంజనీర్లూ వచ్చారు. అవతలివాళ్లు అవతల నిలబడ్డారు, మనవాళ్లు ఇవతల నిలబడ్డారు, శిష్యుడు గట్టు మీద దూరంగా నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. ముగ్గురూ కలిసి రావడం అది రెండోసారి.

కుంగిన పలక మీదికి వచ్చేసరికి ఎవరి కాలో జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. దించండి దించండి అన్నారు. పలక మధ్యలో, ఆమె వంగి చూసే చోటే, కాసేపు కింద పెట్టాం. పాట ఆగిపోయింది. పూలన్నీ జారి అక్కడ కుప్పగా పడ్డాయి. ఎవరూ ఏరలేదు, మాకు చేతులు ఖాళీగా లేవు, వెనకవాళ్లకు పలక మీద నిలబడే చోటు లేదు. పాస్టరుగారు మళ్లీ పాట ఎత్తుకున్నారు, మేం మళ్లీ పెట్టె ఎత్తుకున్నాం. పూలు లేని పెట్టె వాహనం ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. వీధులు ఊడ్చేవాళ్లు ఎప్పటిలాగే వచ్చారు. ఇవతలివాళ్లు మా గుమ్మాల ముందు నుంచి ఊడ్చుకుంటూ కల్వర్టు దాకా వెళ్లి, అక్కడ చెత్త ఎత్తుకుని వెనక్కి తిరిగారు. కాసేపటికి అవతలివాళ్లు వచ్చారు. వాళ్లూ యాదగిరి కొట్టు ముందు శుభ్రంగా ఊడ్చి, కల్వర్టు దాకా వచ్చి, తిరిగిపోయారు. రెండు వైపులా రోడ్డు చీపురు గీతలతో నీటుగా ఉంది. మధ్యలో, కుంగిన పలక మీద, తెలుపూ పసుపూ కలిసిన ఒక చార అలాగే మిగిలిపోయింది.

నేను చీపురు తీసుకుని వెళ్లాను. అప్పుడే కొట్టు తెరుస్తున్న యాదగిరి నన్ను చూసి, తాళం చేత్తోనే వచ్చి ఆపాడు.

"ఉండనియ్ సార్. ఆమె నిలబడే జాగ అది."

ఉంచేశాం. అది జరిగి చాలా రోజులైంది. చామంతి రేకులు నల్లబడ్డాయి, లిల్లీలు ఎండి పలకకు అంటుకుపోయాయి. రోజూ పొద్దున్న రెండు వైపుల చీపుర్లూ వాటి దాకా వచ్చి ఆగుతున్నాయి. నిన్న సాయంత్రం మౌలాలి గుట్ట మీద మబ్బు పట్టింది.